ప్రభుత్వ గుర్తింపు పొందిన గుండె

గోదావరి ప్రాంతీయ హృదయ పరిశోధనా సంస్థలో పనిచేసేవాళ్ళకి గుండె లేదని ఒక పెద్దమనిషి ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడు. తండ్రిని పరీక్షకని తీసుకొస్తే, ఆ కిటికీ దగ్గరికి వెళ్ళమని ఈ కిటికీవాళ్ళు, ఈ కిటికీ దగ్గరికి వెళ్ళమని ఆ కిటికీవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా తిప్పారట. ఆయన ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని, కోపం చల్లారకముందే ఫిర్యాదుల వెబ్‌సైటులో ఒకే ఒక్క వాక్యం రాశాడు: "ఈ ఆసుపత్రిలో ఒక్కడికీ గుండె లేదు."

కోపంలో ఎవరైనా అనే మాటే అది. కానీ ప్రభుత్వంలో మాటకి కోపం ఉండదు, నంబరు ఉంటుంది. ఫిర్యాదుకి నంబరు పడింది. "ఆరోపణలోని నిజానిజములు విచారించి వారంలోగా నివేదిక సమర్పించవలసినది" అంటూ ఆరోగ్యశాఖ కమిషనర్ కార్యాలయం నుంచి సంస్థ మీదికి ఉత్తరువు దిగింది.

డైరెక్టర్ భుజంగరావు గారి గదిలో సమావేశం పెట్టారు. డాక్టర్ సువర్చల వెళ్ళేసరికి వైద్యులంతా గోడవారగా కూర్చుని ఉన్నారు. మధ్యలో పరిపాలనాధికారి కోదండపాణి ఫైలు తెరిచి పట్టుకుని పురాణం చెప్పేవాడిలా ఉన్నాడు.

"ఆయన్ని పిలిచి ఓ మంచి మాట చెప్పి పంపేద్దామండీ," అన్నారు డైరెక్టరు గారు. ఆయనకి రిటైరయ్యే వయసొచ్చింది. ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారేమోనన్న ఆశతో దేనికీ ఎదురు చెప్పడం మానేశారు.

"అలా కుదరదు సార్," అన్నాడు కోదండపాణి. "ఆరోపణ నిర్దిష్టముగా ఉన్నది. ప్రవర్తన బాగోలేదని రాయలేదు. గుండె లేదని రాశారు. క్షమాపణ చెప్పినచో, లేదని మనం అంగీకరించినట్లగును."

సువర్చల ఫక్కున నవ్వింది. ఎవరూ నవ్వకపోవడంతో ఆ నవ్వు గదిలో ఒంటరిగా నిలబడిపోయింది.

"మేడం, ఇది హాస్యమునకు సంబంధించిన విషయము కాదు. సిబ్బంది యావన్మందికీ గుండె కలదని రుజువు చేయవలసిన బాధ్యత సంస్థపై ఉన్నది. గుండె చూసే యంత్రములు మన వద్దనే ఉన్నవి. అదృష్టము."

అలా మొదలైంది. డైరెక్టరు గారి దగ్గర్నుంచి తోటమాలిదాకా సిబ్బంది అందరికీ వరసపెట్టి ఎకో పరీక్షలు చేశారు. ఆ వారమంతా నిజమైన రోగుల్ని గేటు దగ్గరే ఆపి, 'సిబ్బంది గుండెల విచారణ జరుగుచున్నది, సహకరించగలరు' అన్న బోర్డు చూపించి వెనక్కి పంపారు. చివరికి నివేదిక వెళ్ళింది. 'గుండె లేని సిబ్బంది ఎవరునూ లేరు. వాచ్‌మన్‌కు మాత్రము గుండె కుడివైపున ఉన్నది. అది సర్వీసు నిబంధనలకు విరుద్ధము కాదని భావించడమైనది.' సాక్ష్యంగా ఒక్కొక్కరి గుండె ఎంత ఉందో మిల్లీమీటర్లలో కొలతలు కూడా జతచేశారు.

ఆ కొలతలే కొంప ముంచాయి.

* * *

సువర్చల ఆసుపత్రి డాక్టరు కాదు, వెనక బిల్డింగులో ప్రయోగశాల ఆవిడది. ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంది. గుండెపోటు వచ్చినప్పుడు గుండె కండరంలో కొంత ముక్క చచ్చిపోతుంది. మిగిలిన కండరం ఆ పని కూడా తన నెత్తినే వేసుకుని లావెక్కుతుంది. గుండె ఉబ్బుతుంది, సాగుతుంది, చివరికి కొట్టుకోలేక అలిసిపోతుంది. అలా పెరగమని దానికి చెబుతున్నది ఎవరు?

చెబుతున్నవాటిలో కొవ్వు అణువులు కూడా ఉన్నాయి. మనం తినే నెయ్యీ నూనే కాదు. కణాల గోడల్లోనే ఉండే సన్నపాటి కొవ్వు పదార్థాలవి. దెబ్బ తగలగానే గోడలోంచి ఊడి, ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోస్తాయి. 'పెరుగు, పెరుగు' అన్నదే ఆ కబురు. మొదట్లో అది అవసరమే. తరవాత ఆపేవాళ్ళు లేక, పెళ్ళయిపోయినా పందిట్లో మోగుతున్న మైకులా మోగుతూనే ఉంటుంది. ఆ మైకు కట్టేసే మీట ఎక్కడుందో సువర్చల వెతుకుతోంది. అందుకోసం గుండెపోటు వచ్చి బతికినవాళ్ళకి ఎకో తీసి, రక్తం తీసుకుని, అందులో ఆ అణువులు ఏ నెలకి ఎంత ఉన్నాయో చూస్తూ ఉంటుంది.

అలా రక్తం ఇచ్చేవాళ్ళలో ఆ సంస్థ స్టోర్‌కీపరు తాతబ్బాయి కూడా ఉన్నాడు. కిందటేడు సంస్థ మెట్ల మీదే గుండెపోటు తెచ్చుకున్నాడు. బతికి బయటపడ్డాడు గానీ గుండె మెల్లగా ఉబ్బుతోంది. గుండె మీద భారం తగ్గించి, మళ్ళీ కాస్త దగ్గరికి తెచ్చే మాత్రలు రాశారు. వేసుకుంటున్నాడు, కుదురుగానే ఉన్నాడు.

కొలతల కాగితం చేరిన కొన్నాళ్ళకి కమిషనర్ గారు టీవీ తెర మీద ప్రత్యక్షమయ్యారు. రాష్ట్రంలోని ఆసుపత్రులన్నీ కూర్చుని విన్నాయి.

"సిబ్బందికి హృదయం ఉందని ఒక సంస్థ శాస్త్రీయంగా నిరూపించింది. అభినందనలు," అన్నారాయన. "కానీ హృదయం ఉండటం కనీస అర్హత మాత్రమే. పేదవాడికి కావలసింది విశాల హృదయం. ఇంతకాలం ఫలానావారిది విశాల హృదయం అని నోటిమాటగా చెప్పుకున్నాం. ఇకపై నోటిమాటలు చెల్లవు. కొలిచిందే విశాలత. ఈ ఏడాదిని విశాల హృదయ సంవత్సరంగా ప్రకటిస్తున్నాను."

ప్రతి సంస్థా తన ఉద్యోగుల్ని గుండె పరిమాణాన్ని బట్టి వరసలో పెట్టాలి. మొదటివాడికి సన్మానం, ప్రత్యేక గది, రాష్ట్రస్థాయి పోటీకి అర్హత. అడుగున ఉన్నవాళ్ళకి మెమో.

ఇక్కడ మొదటివాడు ఎవరో సువర్చలకి కాగితం చూడకుండానే తెలిసింది. పరుగున డైరెక్టరు గదికి వెళ్ళింది.

"సార్, తాతబ్బాయి గుండె పెద్దదవడం గొప్ప కాదు, జబ్బు. మీరు కార్డియాలజిస్టు. మీకు నేను చెప్పాలా?"

"నేను కార్డియాలజీ చదివానని నాకూ అప్పుడప్పుడూ గుర్తొస్తూనే ఉంటుందమ్మా," అన్నారు భుజంగరావు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ. "కానీ సర్క్యులర్‌లో జబ్బు అన్న మాట లేదు. వెతికాను."

* * *

తాతబ్బాయికి శాలువా కప్పారు. 'విశాల హృదయుడు' అని బంగారు అక్షరాలతో రాసిన పట్టీ అడ్డంగా వేశారు. స్టోర్ గదిలో దూది మూటల మధ్య కూర్చునే మనిషిని తీసుకొచ్చి ఏసీ గదిలో, తిరిగే కుర్చీలో కూర్చోబెట్టారు. డైరెక్టరు గారు ఎదురుపడితే ఆగి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు.

సువర్చలకి మెమో వచ్చింది. 'తమ హృదయము సంస్థ సగటు కన్నా మిక్కిలి సంకుచితముగా ఉన్నట్లు గుర్తించడమైనది. దీనిని విశాలపరచుకొనుటకు తీసుకొను చర్యలు తెలుపగలరు.' ఆడవాళ్ళందరికీ దాదాపు ఇలాంటి మెమోలే వచ్చాయి. ఆడవాళ్ళ గుండె సహజంగానే కాస్త చిన్నదని రాసి పంపితే, 'సహజము' అన్నది సంజాయిషీ కిందికి రాదని జవాబొచ్చింది. అన్నిటికన్నా చిన్న గుండె ఐసీయూ నర్సు ఎస్తేరుది. రోగి పోయినప్పుడల్లా గోడవైపు తిరిగి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి పక్క మంచానికి సెలైను మార్చే మనిషి. ఆవిడకి ఇంక్రిమెంటు ఆపారు.

ఈ గొడవలో ఉండగానే కోదండపాణి స్వయంగా ప్రయోగశాలకి నడిచొచ్చాడు. ఆయన ఆ బిల్డింగులో అడుగుపెట్టడం అదే మొదలు. చేతిలో సువర్చల రాసిన పరిశోధన వ్యాసం ఉంది. శీర్షిక కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది.

"మేడం, ఇంత ముఖ్యమైన సమాచారము శాఖ దృష్టికి తేకుండా దాచుట భావ్యమా?"

"దాచడమేంటండీ? అచ్చయింది కదా."

"అచ్చయినది శాఖ దృష్టికి వచ్చినట్లు కాదు. కొవ్వు అణువులు గుండెకు పెరగమని సంకేతములు పంపునని తమరే రాశారు. అట్టి అణువులను సిబ్బందికి సరఫరా చేసినచో యావత్ సంస్థ విశాల హృదయము పొందును గదా!"

"పొంది, చచ్చిపోతుందండీ," అంది సువర్చల.

"అది తదుపరి దశ. అప్పుడు ప్రత్యేకముగా పరిశీలిద్దాము."

ఈ కొవ్వు వేరు, తినే కొవ్వు వేరు అని ఆవిడ బొమ్మలు గీసి మరీ చెప్పింది. కోదండపాణి చివరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"శాఖాపరముగా మేము కొవ్వును కొవ్వుగానే పరిగణిస్తాము మేడం," అన్నాడు.

మర్నాటి నుంచి క్యాంటీన్‌లో ఇడ్లీ ఎగిరిపోయింది. పొద్దున్నే నేతిగారెలు, మధ్యాహ్నం పప్పులో గరిటెడు నెయ్యి, సాయంత్రం పూతరేకులు. హృద్రోగుల వార్డుకి పంపకూడదని ఎక్కడా రాయలేదు కనక అక్కడికీ పంపారు. 'సిబ్బందికి కొవ్వు పెంచు పథకము' అని తలుపు మీద అట్ట వేలాడదీశారు. ఇన్నాళ్ళూ ఈ ఆఫీసులో కొవ్వుకి ఎప్పుడు లోటొచ్చిందో తెలియక, బయట టీకొట్టు దగ్గర జనం ఆ అట్టని ఫొటోలు తీసుకున్నారు.

* * *

పదిరోజుల తరవాత నడవాలో తాతబ్బాయి కనిపించాడు. పట్టీ వేసుకునే ఉన్నాడు. గోడ పట్టుకుని ఆగి ఆగి నడుస్తున్నాడు. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. సువర్చల ఆగిపోయింది.

"తాతబ్బాయిగారూ, కాళ్ళు వాచాయేంటి? మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఆయ్, బాగానే ఉన్నానండి," అన్నాడు ఆయాసపడుతూ. అన్నాడే గానీ ఆవిడ కళ్ళలోకి చూడలేదు.

సాయంత్రం ఆవిడ కాతేరులో వాళ్ళింటికి వెళ్ళింది. తాతబ్బాయి భార్య నూకరత్నం వాకిట్లోనే ఎదురొచ్చింది.

"మీరొచ్చారు, బతికిచ్చారు డాట్రుగారండీ. మూడు తలగళ్ళెట్టినా పడుకోలేపోతన్నారు. కూసునే కునుకుతన్నారు. ఏంటయ్యా అంటే, గుండె ఎదుగుతాందే అంటారు. ఎదగడానికి అదేవన్నా కొబ్బరి మొక్కాండీ?"

తాతబ్బాయి మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. సువర్చల పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాత్రలెందుకు మానేశారు?"

"అయ్యేసుకుంటే గుండె తగ్గుద్ది కదండి. మీరే సెప్పారు. రాష్ట్రం పోటీ ఒచ్చే నెలండి. అప్పుడుదాకా ఓపిక పడితే..."

"అప్పటిదాకా మీరుంటేగా!"

ఆయన మెల్లగా అన్నాడు. "సర్వీసంతా స్టోర్లో దూది, సిరంజీలు లెక్కెట్టానండి. ఒక్కడంటే ఒక్కడు పేరెట్టి పిలిసినోడు లేడండి. 'ఏవోయ్ స్టోరూ, ఇట్రా' అనేవోరు. గుండెపోటొచ్చి పడిపోయినప్పుడు కూడా 'ఎవరో స్టోరు పడిపోయిందంట' అన్నారంటండి. ఇప్పుడు డైరెట్రు గారు లేసి నుంచుని, 'నమస్కారం తాతబ్బాయి గారూ' అంటన్నారండి. ఈ మాట ఇనడానికి నాకు గుండె ఇంతలావు కావాల్సొచ్చింది. దాన్నిప్పుడు తగ్గించేసుకోమంటారాండి?"

సువర్చల మాత్రలు మంచం పక్కన పెట్టి లేచింది. ఆయన వాటిని చూశాడు, ముట్టుకోలేదు.

ఆసుపత్రిలోనైనా దగ్గరుండి వేయిద్దామని మర్నాడు ఏర్పాటు చేయబోతే కోదండపాణి అడ్డుపడ్డాడు. ఉత్తరువు అప్పటికే సిద్ధంగా ఉంది. 'శ్రీ తాతబ్బాయి గుండె ప్రభుత్వ గుర్తింపు పొందినది. రాష్ట్రస్థాయి పోటీ ముగియువరకు దాని పరిమాణము తగ్గించు ఎట్టి చర్యయైననూ ముందస్తు అనుమతి లేక చేపట్టరాదు. చేపట్టినవారు ప్రభుత్వ ఆస్తికి నష్టము కలిగించినవారగుదురు.'

"అది ఆయన గుండెండీ!" అంది సువర్చల.

"గుర్తింపునకు పూర్వము," అన్నాడు కోదండపాణి.

"మనిషి ఊపిరాడక చస్తున్నాడు!"

"అట్లయినచో మరణించినట్లు ధ్రువపత్రము జతచేసి దరఖాస్తు పెట్టండి. సానుభూతితో పరిశీలిస్తాము."

* * *

ఆ మధ్యాహ్నం ఆవిడ కోపంగా గేటు బయటికొచ్చి నిలబడింది. రోడ్డు మీద గొడవగా ఉంది. మునిసిపాలిటీవాళ్ళు వచ్చి టీకొట్టు ముందు రేకు పీకేస్తున్నారు. కొట్టువాడు కాళ్ళావేళ్ళా పడుతున్నాడు. పిల్లలున్నారన్నాడు, అప్పు చేసి వేయించానన్నాడు, కలెక్టరు గారు కూడా తన దగ్గరే టీ తాగారన్నాడు. అధికారి ఏదీ వినలేదు. "ప్లానుకి మించి కాలవ మీదికొచ్చింది. తీసెయ్," అని ఒక్క మాట అన్నాడు. అంతే, రేకు కిందపడింది.

సువర్చల ఆ రేకుని అలా చూస్తూ నిలబడిపోయింది. తరవాత గిరుక్కున వెనక్కి తిరిగింది. ఇంగ్లీషులో పరిశోధన వ్యాసాలు రాసిన చేత్తో, జీవితంలో మొదటిసారి, పూర్తి ఆఫీసు తెలుగులో ఒక కాగితం రాసుకుని కోదండపాణి ముందు పెట్టింది.

'సదరు ఉద్యోగి గుండె ఆమోదిత కొలతలకు మించి, ఎట్టి అనుమతియూ లేకుండా, ఎడమ ఊపిరితిత్తి స్థలములోనికి విస్తరించినది. ఇది అక్రమ కట్టడముగా పరిగణించదగినది.'

కోదండపాణి మొదటిసారి చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు. మొహంలో రంగు మారింది.

"అనుమతి తీసుకోలేదా?"

"లేదండీ. కిందటేడు గుండెపోటు రోజు నుంచీ చెప్పాపెట్టకుండా పెరుగుతూనే ఉంది."

"ఊపిరితిత్తి ఏ విభాగము పరిధిలోనిది?"

"శ్వాసకోశ విభాగం. మన సంస్థది కూడా కాదు. టీబీ ఆసుపత్రివాళ్ళది."

"అంటే... మన గుండె... పరాయి సంస్థ స్థలములో..." కోదండపాణి కుర్చీలోంచి లేచాడు. "వారు ఆక్షేపణ తెలిపితే? కోర్టుకెక్కితే? మేడం, మనము అక్రమ కట్టడమునకు శాలువా కప్పితిమా!"

"కప్పితిమి," అంది సువర్చల గంభీరంగా.

"తక్షణము తొలగించాలి. ఎట్లు తొలగింతురు? కూల్చివేతయా?"

"మాత్రలతో అండీ. మెల్లమెల్లగా వెనక్కి జరుగుతుంది. పూర్తిగా పాత సరిహద్దుకి రాకపోవచ్చు గానీ, ఊపిరితిత్తికి ఊపిరాడుతుంది."

గంటలో ఉత్తరువు వచ్చింది. తాతబ్బాయి పేరు పోటీనుంచి తీసేశారు. పట్టీ వెనక్కి తీసుకుని, ఆయన్ని వార్డులో చేర్చారు. పూటపూటకీ కోదండపాణి సమక్షంలో మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాలని షరతు పెట్టారు.

వార్డులో మంచం మీద ఆ ఉత్తరువు విన్న తాతబ్బాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంటే నాది ఆక్రమణాండి?"

సువర్చలకి తను గెలిచానన్న సంతోషం అక్కడికక్కడే ఆవిరైపోయింది. మంచం అంచున కూర్చుని, "కాదండీ. అది వాళ్ళకి అర్థం కావడానికి రాశాను," అంది. "మీ గుండె అలిసిపోయింది తాతబ్బాయిగారూ. సగం చచ్చుబడ్డా పనాపకుండా మిమ్మల్ని మోసుకొస్తోంది. దానికి కాస్త విశ్రాంతివ్వమంటున్నా, అంతే."

ఆయన పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. మాత్ర పళ్ళెంలో అలాగే ఉంది. నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డ నూకరత్నం ఒకసారి చుట్టూ చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నోట మొగుడి పేరు రాలేదు. గొంతు సవరించుకుని వార్డంతా వినబడేలా అరిచింది.

"ఏవండీ తాతబ్బాయిగారూ! మాత్రేసుకోండి తాతబ్బాయిగారూ!"

వార్డంతా తిరిగి చూసింది. ఆ పూట వార్డు డ్యూటీలో ఉన్న ఎస్తేరు చేతిలో సూది పట్టుకుని నవ్వేసింది. తాతబ్బాయి సిగ్గుతో ఎర్రబడి, "ఊరుకోవే, అందరూ ఇంటన్నారు," అంటూ మాత్ర నోట్లో వేసుకున్నాడు. కోదండపాణి వంగి నోట్లోకి చూసి టిక్కు పెట్టుకున్నాడు.

* * *

రాష్ట్రస్థాయి పోటీ ఆ సంస్థలోనే జరిగింది. హాలు నిండా జిల్లాల నుంచి వచ్చిన విశాల హృదయులు. కొందరు కర్రల సాయంతో, కొందరు చక్రాల కుర్చీల్లో, ఇద్దరు ఆక్సిజన్ సిలిండర్లతో వచ్చారు. అందరికీ పట్టీలున్నాయి. అంతమంది రోగుల్ని ఒకేచోట చూసి సువర్చల వాచిన కాళ్ళు లెక్కపెట్టసాగింది. అందులో ఎంతమంది మాత్రలు ఆపేసి వచ్చారో!

జ్యోతి వెలిగించడం పాతపద్ధతి కనక, కమిషనర్ గారే మొదటగా ఎకో చేయించుకుని పోటీలు ప్రారంభిస్తారని కోదండపాణి మైకులో ప్రకటించాడు. వేదిక మీద మంచం, వెనకాల పెద్ద తెర. కమిషనర్ గారు చొక్కా గుండీలు విప్పి, సభకి చెయ్యి ఊపి పడుకున్నారు. పరీక్ష చెయ్యడానికి సువర్చలని పిలిచారు. 'సంకుచిత హృదయము గల ఉద్యోగికి స్ఫూర్తి కలుగుటకు' అని కారణం కూడా మైకులో చెప్పారు.

ఆవిడ చల్లటి జెల్లు రాసి, యంత్రం కొస ఆయన ఛాతీ మీద ఆనించింది. తెర మీద గుండె కదిలింది.

హాలంతా ఒక్కసారి 'ఓ' అంది. అది మామూలు గుండె కాదు. అక్కడికొచ్చిన విశాల హృదయులందరినీ మించి ఉంది. కోదండపాణి కొలత చదివి, ఆనందంతో రెండోసారి చదివాడు. చప్పట్లు మోగిపోయాయి. డైరెక్టరు భుజంగరావు గారు కూడా చప్పట్లకి చేతులెత్తారు గానీ, తెర వైపు చూసి ఆ చేతుల్ని అలాగే ఆపేశారు. చాలాకాలం తరవాత ఆయనకి తను చదివిన చదువు మొత్తం ఒక్కసారిగా గుర్తొచ్చినట్టుంది.

తెర మీద గుండె గోడ ఒకవైపు కదలడం లేదు. మిగతా గోడ దాని వంతు కూడా లాగలేక లాగుతోంది.

సువర్చల వంగి, ఆయనకి మాత్రమే వినబడేలా అడిగింది. "సార్, ఈమధ్య ఎప్పుడైనా ఛాతీలో నొప్పొచ్చిందా?"

కమిషనర్ గారు ఇంకా సభకి నవ్వుతూనే ఉన్నారు. "వేసవిలో ఒకసారి. సమీక్ష మధ్యలో. గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చున్నాను. ఏం?"

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

నవ్వు ఆగింది. "పని ఒత్తిడి అనుకున్నా."

"అది గ్యాస్ కాదు సార్."

చప్పట్లు ఆగడం లేదు. ఆయన తల తిప్పి తెర చూశారు, తరవాత ఆవిడ మొహం చూశారు. ఆవిడ చేతిమణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"దీన్ని ఏమంటారమ్మా?"

"జబ్బంటారు సార్."

ఈలోపు కోదండపాణి శాలువాతో వచ్చి, 'రాష్ట్ర విశాల హృదయ సమ్రాట్' అంటూ ఆయన మీద కప్పాడు. కమిషనర్ గారికి అప్పుడే వణుకు మొదలైంది కనక ఆ శాలువా పనికొచ్చింది. భుజంగరావు గారు ఒక్క ఉదుటున వేదిక ఎక్కి మైకు లాక్కున్నారు. "చప్పట్లు ఆపండి! ఐసీయూలో మంచం సిద్ధం చెయ్యండి! ఇక్కడికొచ్చినవాళ్ళు మాత్రలు వేసుకోకుండా ఒక్కరు కూడా ఇంటికెళ్ళడానికి వీల్లేదు!" పొడిగింపు సంగతి ఆయనకి గుర్తున్నట్టు లేదు.

* * *

విశాల హృదయ సంవత్సరాన్ని 'పరిపాలనా కారణముల రీత్యా' మధ్యలోనే ముగించారు. మెమోలు వెనక్కి తీసుకోలేదు గానీ, ఎస్తేరు ఇంక్రిమెంటు మాత్రం ఎవరూ చెప్పకుండానే తిరిగొచ్చింది. క్యాంటీన్‌లో ఇడ్లీ మళ్ళీ ప్రవేశించింది. కాళ్ళ వాపు తగ్గిన తాతబ్బాయి తన దూది మూటల మధ్యకి వెళ్ళిపోయాడు. ఇంట్లో భార్య పేరు పెట్టి పిలవడం మానలేదని, చుట్టుపక్కలవాళ్ళు నవ్వుతున్నారని సువర్చలతో ఫిర్యాదు చేశాడు. చేస్తున్నంతసేపూ మొహం వెలిగిపోతూనే ఉంది.

కమిషనర్ గారు కోలుకుంటున్న రోజుల్లో ఒక ఉదయం సువర్చలని పిలిపించారు. శాలువా లేకుండా, ఆసుపత్రి చొక్కాలో ఆయన చిన్నగా కనిపించారు.

"గుండెకి పెరగమని చెప్పే కొవ్వుల మీద మీరేదో రాశారట. నాకు అర్థమయ్యేలా చెప్పండి."

ఆవిడ చెప్పింది. కండరం చావడం, కబురు బయల్దేరడం, అది ఆగకపోవడం. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.

"మరి ఆ కబురు ఎవరాపాలి?"

"అదే సార్ మేం వెతుకుతున్నది. ఇంకా దొరకలేదు."

"వెతకడానికి ఏం కావాలి?"

సువర్చల మనసులో ఒకేసారి ఎన్నో మెదిలాయి. ఆవిడ మాత్రం చేతిలో ఉన్న సూదినే పైకెత్తింది. "ముందు మీ రక్తం కావాలి సార్. గుండెపోటు వచ్చి, తెలియకుండా ఇన్నాళ్ళు తిరిగినవాళ్ళ నమూనా మాకు లేదు."

గుమ్మంలో నిలబడ్డ కోదండపాణి ఒక అడుగు ముందుకేశాడు. "మేడం, కమిషనర్ స్థాయి అధికారి రక్తము సేకరించుటకు శాఖాపరమైన ముందస్తు..."

"కోదండపాణిగారూ," అన్నారు కమిషనర్ గారు నీరసంగా, "తలుపు దగ్గరగా వేసుకుని వెళ్ళండి."

తలుపు పడింది. ఆయన చొక్కా చెయ్యి మోచేతిదాకా మడుచుకుని, మొహం పక్కకి తిప్పుకున్నారు. సూది దిగుతుండగా, ఆ వార్డులో అందరిలాగే, "అమ్మా" అన్నారు.